చూర్ణం తిన్న ఎలుకలు

ఆటో వాకిట్లో ఆగి ఉంది. కాంతమ్మ ఎక్కనంది.

"ఆజీ, చలా నా," అన్నాడు డ్రైవరు గుమ్మం దగ్గరికి వచ్చి. అతను మరాఠీవాడు, అవ్వా పోదాం రా అంటున్నాడు. లోపల తెలుగులో సాగుతున్న గొడవలో మాటలు అతనికి తెలియలేదు గాని, సంగతి తెలిసింది. తిరిగి వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

కాంతమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుడికాలి మీద శాలువా కప్పి ఉంది. దవాఖానాలో పొద్దున వేసిన కట్టు బొటనవేలి దగ్గర అప్పుడే తడిసింది.

"అవ్వా, ఇయ్యాల దవఖానల భర్తీ అయితెనే రేపు పొద్దుగాల ఆపరేషన్ చేస్తరట," అన్నాడు కొడుకు రామకిషన్. "ఇప్పుడైతే రెండు వేళ్లతోని పోతది. ఆగితే మోకాలి దాకా తియ్యాలె అన్నడు డాక్టరు. నువ్వు సుత ఇన్నవు."

"ఇన్న."

"మరి?"

"ఇన్న అన్న. వస్త అనలే."

కోడలు గౌరమ్మ సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టింది. రెండు చీరలు, చెంబు, దుప్పటి. అత్త కాళ్ల దగ్గరికి వచ్చి వంగింది.

"అత్తా, నీ కాళ్లు మొక్కుత. లే."

"మొక్కు. పది వేళ్లున్నయి, ఇప్పుడే మొక్కు."

గౌరమ్మకు నవ్వు వచ్చి, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. పైట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

సరోజ కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. స్కూటీ ఆటో వెనక నిలిపి, చెప్పులు విడవకుండానే లోపలికి నడిచింది. కూతురి అడుగుల చప్పుడు విని కాంతమ్మ ఇటు తిరిగింది.

"వచ్చింది నా బిడ్డ. దాన్ని అడుగుండ్రి. చూర్ణం తిన్న ఎలుకలు బతికినయా, లేదా?"

సరోజ అన్న వైపు చూసింది.

"చెప్పు సరోజా. నీ నోటితోని చెప్పు."

"బతికినయి," అంది సరోజ.

"తిననియి?"

"ముందు సచ్చినయి."

"ఇన్నవా కొడుకా?" అంది కాంతమ్మ. "ఆటోను పొమ్మను."

సరోజ ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ముసలితనాన్ని నెమ్మదింపజేస్తుందని హైదరాబాద్ కంపెనీ ఒకటి తయారుచేసిన చూర్ణాన్ని ముసలి ఎలుకల మీద పరీక్షించింది ఆమే. సగం ఎలుకలకు ఉట్టి దాణా, సగం ఎలుకలకు చూర్ణం కలిపిన దాణా. చూర్ణం తిన్నవి ఎక్కువకాలం బతికాయి. పోయిన దీపావళి ముందు కంపెనీ సభ పెట్టి ఆమెకు శాలువా కప్పింది. కాంతమ్మ మొదటి వరసలో కూర్చుని చూసింది. ఇంటికి వచ్చాక ఆ శాలువా తీసుకుని తన మంచం మీద వేసుకుంది. షుగరు గోళీలు మానేసింది కూడా అప్పుడే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాలికి రాయి తగిలి, తగిలినట్టు కూడా తెలియక, వేలు నల్లబడ్డాక దవాఖానాలో అడిగితే చెప్పింది.

"నా బిడ్డ చూసిన మందు ఇంట్ల ఉండంగ, ఎవరో రాసిన గోళీలు నాకెందుకు?" అంది డాక్టరుతో.

"అవ్వా, అవి ఎలుకలు," అంది సరోజ ఇప్పుడు. మంచం పట్టె మీద కూర్చుంది. "వాటికి షుగరు లేదు. కాలికి పుండు లేదు."

"ముసలియే గద?"

"ముసలియే."

"నేను సుత ముసల్దాన్నే."

రామకిషన్ బయటికి వెళ్లి ఆటోను పంపేశాడు.

*

అన్నాచెల్లెళ్లు వసారాలో నిలబడ్డారు. అరుగు మీద గనుల వైపు నుంచి వచ్చిన బొగ్గు నుసి ఉంది. రామకిషన్ రుమాలుతో తుడిచి కూర్చున్నాడు. సరోజ కూర్చోలేదు.

"నీ మాటే ఇంటది," అన్నాడు. "నా మాట ఇనదు. నువ్వు గట్టిగ చెప్తలేవు."

"ఏమని చెప్పాలె?"

"చూర్ణం ఏరు, ఆపరేషన్ ఏరు అని. రెండు చేసుకోవచ్చని."

"చూర్ణం అమ్మే నీ దుకాణంల ఎలుక ఫోటో పెట్టింది ఎవరన్నా? పక్కన నా ఫోటో పెట్టింది ఎవరు? 'మా చెల్లె పరీక్ష చేసింది, కండ్లు మూసుకొని తినుండ్రి' అని గోండ్‌పిప్రి దాకా చెప్పుకుంట తిరిగింది ఎవరు?"

"నువ్వు రాసిందే చెప్పిన. లేనిది చెప్పిన్నా?"

సరోజ వాకిట్లోకి చూసింది.

"చెప్పు. నేను చదువుకున్నోన్నా? నువ్వు మైకుల మాట్లాడితే చప్పట్లు కొట్టిన. అవ్వ సుత కొట్టింది. గా దినం గోళీలు మానకుమని నువ్వు ఎందుకు చెప్పలే?"

"మానింది అని నాకు తెలుసా?"

"నాకు తెలుసా మరి?"

గౌరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మీరు కొట్లాడుకోండ్రి. డాక్టరిచ్చిన గోళీ సుత మింగలే ఆమె. పొద్దటి సంది గా కాయితంలనే ఉన్నది. మింగినంక పావుగంటల బువ్వ తినాలెనట. తినకుంటే షుగరు ఒక్కసారి పడిపోయి పానానికే మోసమట. తినిపిద్దమని పొయ్యి మీద అన్నీ పెట్టుకొని కూసున్న. గోళీ మింగితే గద?"

"చూర్ణం సంగతి కంపెనీవాళ్లను ఫోన్ చేసి అడుగుతనన్నవు గద?" అని సరోజ అన్నను అడిగింది.

"చేసిన. తెలంగాణ వచ్చినప్పటి సంది వాళ్ల ఆఫీసు ఏ రాష్ట్రంల ఉంటదో వాళ్లకే తెలుస్తలేదట. కొత్త డబ్బాలు పంపిండ్రు. అడ్రసు మీద రాష్ట్రం పేరు మార్చి చీటీ అతికించిండ్రు. లోపట గదే చూర్ణం."

అప్పుడే ఇస్తారి గేటు తీశాడు. భుజాన గుడ్డసంచి. సంచిలోంచి ఆనిగెపుకాయ కాడ బయటికి కనిపిస్తోంది.

ఇస్తారిది రాజురా పక్క పల్లె. కాలేజీలో ఎలుకల గదిని చూసేది అతనే. దాణా వేయడం, నీళ్లు మార్చడం, గూళ్లు కడగడం అన్నీ అతని పని. సరోజ కంటే వయసులో పెద్దవాడు. ఆమె అతన్ని అన్నా అంటుంది, అతను ఆమెను మేడం అంటాడు.

"నమస్తే సేట్. అమ్మకు బాగలేదంటే చూద్దమని వచ్చిన. ఎట్లున్నది?"

లోపలి నుంచి కాంతమ్మే పలికింది. "ఎవరు, ఇస్తారా? లోపటికి రా. నా ఈడుది ఎట్లున్నది?"

ఇస్తారి నవ్వాడు. చూర్ణం తిన్న ఎలుకల్లో ఒకటి ఇంకా బతికి ఉంది. కాంతమ్మ దాన్ని తన ఈడుది అంటుంది. కూతురు వచ్చినప్పుడల్లా దాని క్షేమం అడుగుతుంది.

"మంచిగున్నదమ్మా. పొద్దుగాల దాణా ఏసిన. ముందటి కాళ్లతోని పట్టుకొని, నీ లెక్కనే నెమ్మదిగ తిన్నది."

"పండ్లున్నయా దానికి?"

"నీకంటె ఎక్కువనే ఉన్నయి."

కాంతమ్మ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు. శాలువా జరిగి, కట్టు కనిపించింది. ఇస్తారి నవ్వు ఆపేశాడు. మంచం దగ్గర గొంతుక్కూర్చుని, ముట్టుకోకుండా చూశాడు.

"ఇదేందమ్మా, గిట్లయింది?"

"రాయి తాకింది."

"చూర్ణం తింటున్నవు గదా?"

"రెండు పూటలు."

"మరి పథ్యం?"

"ఏం పథ్యం?"

ఇస్తారి తలెత్తి సరోజను చూశాడు. "అమ్మకు పథ్యం చెప్పలేదా మేడం?"

"ఏ పథ్యం ఇస్తారన్నా?"

"మన ఎలుకలు చేసిందే."

సరోజ గోడకు ఆనుకుంది.

ఇస్తారి సంచిలోంచి ఆనిగెపుకాయ తీసి గౌరమ్మ చేతికిచ్చాడు. "ఇది పథ్యానికి మంచిదనే తెచ్చిన," అని, అందరికీ తెలిసిన సంగతే మళ్లీ చెబుతున్నట్టు చెప్పాడు. "మందు తినే ఎలుకల గూళ్లల్ల పొద్దుగూకంగనే దాణా తీసేద్దును. తెల్లారినంక మల్ల పెడుదును. ఏకాదశి నాడు ఉట్టి నీళ్లు. మా ఊళ్లె చెట్లమందు ఇచ్చే ముసలాయన గట్లనే చెప్తుండె. పథ్యం లేకుంట తింటే ఎంత మంచి మందైనా ఇసమైతది."

"ఎప్పటి సంది?" అని అడిగింది సరోజ.

"మొదటి దినం సందే. మీరు చూర్ణం కలిపిన దాణా ఇచ్చి, ఇది మందు, జాగ్రత్త అన్నరు గద? నేను జాగ్రత్తగనే చేసిన. ఒక్క పొద్దు తప్పలే."

"మందు తినని ఎలుకలకు?"

"వాటికెందుకు పథ్యం?" ఇస్తారి ఆశ్చర్యపోయాడు. "వాటికి రాత్రి సుత దాణా గూట్లనే ఉంచిన. మందు సుత లేదాయె. పాపం, కడుపునిండనన్న తినని అనుకున్న."

ఇస్తారి సరోజ ముఖం చూశాడు. తర్వాత రామకిషన్ ముఖం చూశాడు.

"ఏమన్న తప్పయిందా మేడం?"

"లేదన్నా."

"మీరు అడిగితే చెప్పకపోదునా? ఎన్నడు అడగలే మీరు."

"అడగలే," అంది సరోజ.

గౌరమ్మ చాయ్ తెచ్చింది. ఇస్తారి సగం తాగి, కప్పు కింద పెట్టి, గడ్‌చాందూర్ బస్సు పోతుందని లేచాడు. వెళ్తూ కాంతమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

*

ఎలుకలు తినేది రాత్రిపూట. పొద్దుగూకాక దాణా తీసేస్తే వాటికి తిండి తీసేసినట్టే.

తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయన్నది కొత్త సంగతి కాదు. సరోజ ఏటా ఆ పాఠం చెబుతుంది. పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తుంది.

ఎలుకలను తూచింది ఆమే. చూర్ణం తిన్నవి తేలికగా ఉన్నాయి. చూర్ణం కొవ్వు కరిగిస్తోందని రాసింది. కంపెనీ ఆ మాటను డబ్బా మీద అచ్చు వేసింది. గూళ్లలో మిగిలిన దాణాను మాత్రం ఆమె ఎప్పుడూ తూచలేదు. ఇస్తారి గూళ్లు కడిగే తీరు చూసి, ఆ గది సంగతి అతనికే వదిలేసింది.

ఇదంతా అన్నకు వసారాలో చెప్పింది. రామకిషన్ చివరిదాకా విన్నాడు.

"అంటే చూర్ణం ఏం చెయ్యదా?"

"తెల్వదు."

"తెల్వదంటే?"

"వాటిని బతికించింది పథ్యమే కావచ్చు. చూర్ణం చేసిందేమన్న ఉన్నదా, లేదా, నేను చేసిన పరీక్షతోని ఎవ్వలూ చెప్పలేరు."

రామకిషన్ రుమాలు మడిచాడు. "అయితే పథ్యంతోని తినాలె అని చెప్దం. డబ్బా మీద గదొక్కటి ఎక్కిద్దం. ఎవరికేం నష్టం?"

"అన్నా."

"ఏమన్న?"

"లోపట అవ్వ వేలు నల్లబడి ఉన్నది."

రామకిషన్ గొంతు పెరిగింది. "నాకు కనిపిస్తలేదా? నేనే గద రోజూ చెంచాతోని కలిపి ఇచ్చింది? ఆమె తాగినంక గ్లాసు కడిగి పెట్టింది నేనే గద?"

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"ఊళ్లె చెప్పకు," అన్నాడు రామకిషన్, మెల్లగా. "నా దుకాణం ముందర నన్ను నిలవెడ్తరు. పెద్దోళ్లు, నన్ను నమ్మి తిన్నోళ్లు."

"ఊళ్లె ఎట్ల చెప్పాల్నో తర్వాత చూద్దం. ఇప్పుడు అవ్వకు చెప్పాలె. ఎలుకలను నమ్మే దవఖానకు వస్తలేదు."

"ఎలుకలను కాదు. నిన్ను నమ్మింది."

సరోజ తల ఊపింది. "గందుకే నేనే చెప్పాలె."

"చెప్పినంక ఎవ్వల మాట ఇంటది మల్ల?"

సరోజ లోపలికి వెళ్లింది.

*

కాంతమ్మ మేలుకునే ఉంది. సరోజ మంచం పక్కన నేల మీద కూర్చుంది. తల్లి ముఖం తన ముఖానికి ఎదురుగా ఉండాలని అలా కూర్చుంది.

"అవ్వా, నా పరీక్ష తప్పైంది."

"ఏం పరీక్ష?"

"ఎలుకల పరీక్ష. ఇస్తారన్న చెప్పింది ఇన్నవు గద? మందు తిన్న ఎలుకలకు తిండి తక్కువైంది. తిననియి కడుపునిండ తిన్నయి. తిండి తక్కువైతే ఎలుకలు మస్తు రోజులు బతుకుతయి. నేను అది చూడలే. చూర్ణంతోనే బతికినయి అనుకున్న. అదే రాసిన."

కాంతమ్మ శాలువా అంచును వేళ్ల మధ్య పెట్టుకుని నలుపుతోంది.

"మరి ఇది ఎందుకు కప్పిండ్రు నీకు?"

"వాళ్లకు సుత తెల్వదు అవ్వా."

"అంటే గది అబద్ధమా?"

"అబద్ధం కాదు. తప్పు."

"తేడా ఏంది?"

తల్లి జవాబు కోసం చూసి, చూడటం మానేసింది.

"నువ్వు చిన్నప్పుడు ఎలుకను చూస్తే అటుక మీదికి ఎక్కుతుంటివి," అంది కాంతమ్మ. "నీ నాయిన దింపుతుండె. మైకుల నువ్వు ఎలుకల మీద మాట్లాడుతుంటే గదే యాదికొచ్చింది. పక్కనున్నామెకు చెప్పిన. నా బిడ్డ అని చెప్పిన."

"అవ్వా."

"ఏడ్వకు. నేను ఏడుస్తున్ననా?"

సరోజ ముఖం తుడుచుకుంది. తల్లి చెయ్యి పట్టుకుంది. చెయ్యి వేడిగా ఉంది. జ్వరం మొదలవుతోంది.

"రేపు వస్తవా దవఖానకు?"

కాంతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మరి నా ఈడుది ఎట్ల బతికింది?" అని అడిగింది. "చూర్ణంతోని కాకుంటే?"

"తక్కువ తిన్నది గనక."

"అంటే ఇస్తారి చేయించిన పథ్యంతోని."

"ఔ."

"నువ్వు సుత గదే అంటున్నవు?"

"ఔ అవ్వా. నేను సుత గదే అంటున్న."

వంటింట్లో గౌరమ్మ రొట్టె తట్టే చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగిపోయాక, కాంతమ్మ మోచేతి మీద లేచింది.

"గా డాక్టరిచ్చిన గోళీ తే."

సరోజ ఒక్క ఉదుటున లేచింది. కాగితంలోంచి గోళీ తీసి తల్లి అరచేతిలో పెట్టింది. నీళ్ల చెంబు అందించింది. కాంతమ్మ గోళీ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, మింగింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న రామకిషన్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. "మింగింది," అని భార్యకు కేకేశాడు. "జల్ది తే. పావుగంటల తినాలె."

గౌరమ్మ కంచం తెచ్చింది. జొన్నరొట్టె, ఇస్తారి తెచ్చిన ఆనిగెపుకాయతో కూర. రొట్టె మీంచి ఇంకా ఆవిరి లేస్తోంది. సరోజ తల్లి వీపు వెనక దిండు సర్ది, కంచం ఆమె ఒళ్లో పెట్టింది.

"పొద్దుగూకిందా?" అని అడిగింది కాంతమ్మ.

గౌరమ్మ కిటికీ వైపు చూసింది. "గూకింది అత్తా. లైటు ఎయ్యనా?"

కాంతమ్మ కంచాన్ని ఒళ్లోంచి ఎత్తి, మంచం అంచు మీద పెట్టింది.

"తెల్లారినంక తింట."

"అవ్వా, ఇప్పుడే తినాలె," అంది సరోజ. "గోళీ మింగినవు. తినకుంటే—"

"గోళీ మందు కాదా? మందు మింగినంక పథ్యం చెయ్యాలె. మొదలు చెయ్యకనే నా కాలు గిట్లయింది." ఆమె గొంతులో కోపం లేదు. "నా ఈడుది చేసింది. నేను చెయ్యలేనా? రేపటి సంది చూడు. వేలు తీసేది లేదు, ఏం లేదు."

"అవ్వా, అది ఎలుక. నువ్వు—"

"ఇందాక నువ్వే ఔ అన్నవు."

రామకిషన్ రొట్టె తుంచి, కూరలో అద్ది, తల్లి నోటి దగ్గర పెట్టాడు. "ఒక్క ముద్ద. నా కోసం. నోరు తెరువు అవ్వా."

కాంతమ్మ పెదవులు బిగించి, శాలువా మీదికి లాక్కుని, గోడవైపు తిరిగింది.